పాత కపాల శస్త్రచికిత్స పెట్టెలోని పనిముట్లను గుర్తించడం ఎలా

వైద్య చరిత్ర మ్యూజియంలో, మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో వడ్రంగి బర్మాను పోలిన పనిముట్టు కనిపిస్తే, అది తలకు దెబ్బ తగిలినవారి పుర్రెకు రంధ్రం వేయడానికి ఐరోపా వైద్యులు వాడినది కావచ్చు. ముందుగా పిడిని చూడండి. పైభాగాన్ని ఒక చేత్తో అదిమి పట్టి, వంపు తిరిగిన కడ్డీని రెండో చేత్తో తిప్పేదైతే దాన్ని ట్రెపాన్ అంటారు. అడ్డపిడి ఉండి, ఒక్క చేతి మణికట్టును అటూ ఇటూ తిప్పుతూ వాడేదైతే అది ట్రెఫైన్. దీనిని 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ వుడాల్ వర్ణించాడు.

ఆ తరువాత కొసను శ్రద్ధగా పరిశీలించండి, ఎందుకంటే అసలు నేర్పంతా అక్కడే ఉంది. అంచున రంపపు పళ్లున్న గుండ్రటి గొట్టాన్ని కిరీటం అంటారు. దాని నడుమ ఉండే సూది, మొదటి తిప్పుళ్లలో పళ్లు ఎముక మీద జారిపోకుండా పట్టు ఇస్తుంది. అయితే అది పళ్లకన్నా ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి, గాడి పడిన వెంటనే తీసేయకపోతే మెదడు పైపొరను చీలుస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే వైద్యగ్రంథం రాసిన రోమన్ రచయిత సెల్సస్ ఈ జాగ్రత్త చెప్పాడు. అందుకే సూదిని వెనక్కి జరిపే మర, లేదా సూది లేని రెండో కిరీటం ఉందేమో వెతకండి. కిరీటం పైకి పోయేకొద్దీ వెడల్పయితే, అది లోతుకు దిగేకొద్దీ గాడిలో బిగుసుకుని, ఒక్కసారిగా లోపలికి దూసుకుపోకుండా ఆగేదని గ్రహించవచ్చు.

పక్కనే ఉండే చిన్న కుంచెను అప్రధానమని వదిలేయకండి. పుర్రె మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కనుక వైద్యుడు మాటిమాటికీ ఆగి, గాడిలోని ఎముక పొడిని దానితో తుడిచి, ఏ వైపు ఎంత తెగిందో సన్నని పుల్లతో తడిమి చూసేవాడు. హిప్పోక్రటీస్ పేరిట ఉన్న తలగాయాల గ్రంథం, ఎముక వేడెక్కకుండా రంపాన్ని తరచూ చల్లని నీటిలో ముంచమని కూడా చెబుతుంది. కొసన పప్పుగింజంత బొడిపె ఉన్న కత్తి రంధ్రం అంచుల గరుకును చెక్కడానికి, చదునైన మీటకర్ర లోపలికి కుంగిన ఎముకను పైకెత్తడానికి పనికివచ్చేవి.

కాలాన్ని అంచనా వేయడానికి మళ్లీ పిడి దగ్గరికి రండి. నల్లచేవ చెక్క, దంతం పిడులు సాధారణంగా క్రిములు చావడానికి పనిముట్లను మరిగించే పద్ధతి రాకముందువి. పూర్తిగా లోహంతో చేసినవి ఎక్కువగా 19వ శతాబ్దం చివరివి, ఆ తరువాతవి. పెట్టెలో ఖాళీ గూళ్లుంటే వాటి ఆకారాన్ని కూడా గీసుకోండి. పోయిన పనిముట్టు ఏదో తరచూ దాన్నిబట్టే తెలుస్తుంది.