హెలికాప్టర్‌తో కార్చిచ్చుపై నీరు – మూడవ పాఠం: వేలాడే బకెట్‌

గత పాఠంలో హెలికాప్టర్‌ పొట్టకు బిగించే తొట్టెల గురించి చదువుకున్నాం. ఎస్‌-64 ఎయిర్‌క్రేన్‌ అనే హెలికాప్టర్‌ తన గొట్టంతో దాదాపు 10,000 లీటర్లను ఒక్క నిమిషంలోపే తోడుకొంటుందని కూడా చూశాం. అయితే మన దేశంలో అడవి మంటలపై ఎక్కువగా కనిపించేది తాడుకు వేలాడే బాంబీ బకెట్‌. 2021లో ఉత్తరాఖండ్‌లోనూ, 2022లో రాజస్థాన్‌లోని సరిస్కాలోనూ వైమానిక దళపు ఎంఐ-17 వీ5 హెలికాప్టర్లు దీన్నే వాడాయి.

కెనడాకు చెందిన డాన్‌ ఆర్నీ రూపొందించిన ఈ బకెట్‌ గట్టి గుడ్డతో చేసినది కాబట్టి, మడిచి హెలికాప్టర్‌ లోపలే పెట్టుకొని వెళ్లవచ్చు. నూతిలో వేసిన చేద తేలుతూ ఉంటే తాడును ఒక్క విసురు విసిరి ముంచుతాం కదా. ఇక్కడ ఆ విసురు పనిని అంచుకు ఒక పక్కన ఉండే బరువుల సంచి చేస్తుంది. బకెట్‌ ఆ పక్కకు ఒరిగి, మూతి మునిగి, నిండుతుంది. అడుగున ఉన్న గుడ్డ గొట్టాన్ని ఒక తాడు లోపలికి లాగి పట్టి ఉంచుతుంది. పైలట్‌ మీట నొక్కగానే పైనున్న విద్యుత్‌ కొక్కెం ఆ తాడును వదులుతుంది. అప్పుడు నీటి బరువే గొట్టాన్ని బయటికి తోసి, ధారగా దిగుతుంది. విడుదలకు పంపు అక్కరలేకపోవడమే ఈ పరికరపు గొప్పతనమని నా అభిప్రాయం.

బకెట్‌ను మొత్తంగా వదిలేసే అత్యవసర మీట వేరే ఉంటుంది. ఈ రెండింటినీ ఎన్నడూ తికమకపడకూడదు. ఖాళీ బకెట్‌తో మరీ వేగంగా పోతే అది గాలికి వెనక్కి లేచి తోక రెక్కను తాకే ప్రమాదం ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఇక లెక్క. లీటరు నీరు ఒక కిలో. కాబట్టి 3,500 లీటర్లు పట్టే బకెట్‌ నిండితే, బకెట్‌ బరువు కాక మూడున్నర టన్నులు. వేడి గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది కనుక, మే నెల మధ్యాహ్నం అంత బరువు మోయడం కుదరకపోవచ్చు. అందుకే చాలా నమూనాల్లో బకెట్‌ చుట్టూ ఉండే పట్టీని బిగించి, 70 శాతం మాత్రమే నిండేలా చేస్తారు.

విజయనగరం జిల్లా కొండల్లో మంట లేచిందనుకోండి. ఉదయం చల్లని వేళ తాటిపూడి జలాశయం నుంచి నిండు బకెట్‌తో ఒక్కో తిరుగుడుకు 8 నిమిషాలు పడితే, గంటలో 7 తిరుగుళ్లు, 24,500 లీటర్లు. మధ్యాహ్నం దగ్గరలోని చెరువు నుంచి 70 శాతంతో, అంటే 2,450 లీటర్లతో, 5 నిమిషాలకొకసారి తిరిగితే 12 తిరుగుళ్లు, 29,400 లీటర్లు. బకెట్‌ పరిమాణం కన్నా నీటి దగ్గరతనమే ఎక్కువ ఫలితమిచ్చిందన్నమాట. కానీ ఆ చెరువులో బకెట్‌ మునిగేంత లోతుండాలి, గట్టున కరెంటు తీగలు ఉండకూడదు. వేసవిలో ఇసుక తేలిన గెడ్డ ఎంత దగ్గరున్నా పనికిరాదు.

అభ్యాసం: మీ ఊరికి దగ్గరి కొండను ఎంచుకొని, మే నెలలోనూ నీరు నిలిచే చెరువులను, వాటి చుట్టూ ఉన్న తీగలను, చెట్లను పటంలో గుర్తించండి. ఒక్కో చెరువు నుంచి తిరుగుడుకు 6 నిమిషాలు పడితే, 70 శాతం బకెట్‌తో గంటకు ఎన్ని లీటర్లు పడతాయో లెక్కగట్టండి. వచ్చే పాఠంలో నీటిలో కలిపే నురుగు మందు గురించి చదువుకుందాం.