ట్యాబ్ ప్రకారమే వాయిస్తున్నా పాట పలకడం లేదా? బేస్ గిటార్ సమస్యలు - పరిష్కారాలు

శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న తిరుపతిలో వీణకో మృదంగానికో గురువు దొరికినంత సులభంగా బేస్ గిటార్‌కు దొరకరు కాబట్టి, నేర్చుకోదలచినవారు తీగలను గీతలుగా, నొక్కవలసిన చోట్లను అంకెలుగా చూపే రాత, అంటే ట్యాబ్‌నే నమ్ముకోవలసి వస్తుంది. అయితే ట్యాబ్ ఏ తీగ మీద ఏ ఫ్రెట్ (మెడ మీద లోహపు కమ్మీలతో గుర్తించిన మెట్టు) నొక్కాలో చెబుతుందే గాని, ఎంతసేపు మోగించాలో చాలాసార్లు చెప్పదు.

సమస్య: మొదటి స్వరం నుంచే పాటతో పొంతన లేదు.
ముందుగా గీతల వరుస చూడండి. వాద్యం ఒళ్లో పెట్టుకున్నప్పుడు లావు తీగ పైన ఉంటుంది. ట్యాబ్‌లో మాత్రం పై గీత సన్నని జి తీగది, దాని కింద వరుసగా డి, ఎ తీగలవి, అడుగు గీత లావైన ఇ తీగది. వరుస సరిగానే ఉండి, స్వరాలన్నీ ఒకే దూరంలో తేడాగా వినిపిస్తుంటే లోపం శ్రుతిలో ఉంది. మూల గీతాన్ని అరస్వరం తగ్గించిన శ్రుతిలో వాయించి ఉంటే, మీరూ నాలుగు తీగలనూ అంతే దించాలి. ఒక ఫ్రెట్ వెనక్కి జరిగి వాయించుకోవచ్చు గదా అంటే, లావు తీగ మీద 0 (ఏ ఫ్రెట్టూ నొక్కని ఖాళీ తీగ) వచ్చినచోట జరగడానికి తావుండదు. ఒక్క లావు తీగ స్వరాలే తేడాగా ఉంటే, అది డ్రాప్ డి ట్యాబ్ కావచ్చు. ఆ తీగను ఇ నుంచి డికి దించండి. మే నెల ఎండలో బండి మీద తెచ్చిన గిటార్‌ను నీడలో కాసేపు ఉంచి, తర్వాతే శ్రుతి చేయడం మేలు.

సమస్య: స్వరాలు సరైనవే, అయినా పాటలా లేదు.
అసలు చిక్కు ఇక్కడే. మామూలు ట్యాబ్‌లో అంకెల మధ్య ఖాళీని బట్టి కాలవ్యవధి తెలియదు. ఎ తీగ మీద 3 3 3 3 అని ఉంటే, అక్షరానికొకటిగా వాయిస్తే ఆదితాళంలో అరావర్తనం పడుతుంది, అక్షరానికి రెండుగా వాయిస్తే పావు ఆవర్తనంలోనే ముగుస్తుంది. రెంటిలో ఏదో పాట వింటేనే తెలుస్తుంది. ఫోను స్పీకరులో వినకండి: ఇ తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్‌జ్, అంత కింది ధ్వనిని ఆ చిన్న స్పీకరు పలికించలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వేగం 0.75కు తగ్గించి, వాద్యం ముట్టకుండా చేత్తో తాళం వేస్తూ ఆ అంకెలనే నోటితో పలకండి. స్వరం ఎక్కడ ఆగుతుందో కూడా గమనించండి, ఎందుకంటే ఆపవలసినచోట ఎడమచేతి వేలిని తీగ మీదనే ఉంచి పట్టు సడలించకపోతే పాట ముద్దయిపోతుంది.

సమస్య: చేయి అందడం లేదు.
ఒకే జి స్వరం ఖాళీ జి తీగ మీద, డి తీగ 5వ ఫ్రెట్‌లో, ఎ తీగ 10వ ఫ్రెట్‌లో కూడా దొరుకుతుంది. ట్యాబ్ రాసినవారు ఎంచుకున్న చోటే మీకూ అనువుగా ఉండాలని లేదు, దగ్గరి చోటికి మార్చుకోండి.

సమస్య: తీగ గరగరమంటోంది, లేదా స్వరం కాస్త పైకి పోతోంది.
ఫ్రెట్ల నడుమ కాక, లోహపు కమ్మీకి కాస్త వెనుకగా ఆనించి నొక్కండి. వీణ అలవాటున్నవారు గమకానికి లాగినట్టు తీగను పక్కకు లాగుతుంటారు, స్వరం పెరగడానికి అదే కారణం. ఖాళీ తీగ శ్రుతిలో ఉండి, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం తప్పుతుంటే లోపం బ్రిడ్జి (వాద్యం ఒంటి మీద తీగలను పట్టి ఉంచే భాగం) అమరికది, మరమ్మతు తెలిసినవారికి చూపించండి.

సమస్య: ఒకటి రెండు చోట్లే అపస్వరం.
అక్కడ ట్యాబే తప్పు కావచ్చు. ఆ చోట మోగే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మూలస్వరాన్ని పట్టుకుని ప్రయత్నించి, సరిపోతే ఆ అంకెను కొట్టివేసి మీరు విన్నది రాసుకోండి.