వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే ఓమ్‌లు, వాట్లు లెక్కకట్టడం ఎలా?

స్నానానికి నీళ్లు కాచుకునే హీటర్ రాడ్‌నే తీసుకుందాం. దాని మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉంటుంది. నిజంగా అంత పవర్ లాగుతోందో లేదో రెండు కొలతలతో తేలిపోతుంది.

1. ముందు వోల్టేజి చూడండి. వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్‌ను ఏసీ (ఇంటి కరెంటు) వోల్టుల దగ్గర పెట్టి, రాడ్ పనిచేస్తుండగానే కొలవాలి. లోడు లేనప్పుడు చూపించే అంకె ఈ లెక్కకు పనికిరాదు. మన రాడ్‌కు 225 వోల్టులు అందుతున్నాయనుకుందాం.

2. తర్వాత ఆంపియర్లు. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ను ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూనే తగిలించాలి. రెండు వైర్లూ కలిసిన తీగ చుట్టూ పెడితే సున్నా చూపిస్తుంది. అలాగని తీగ మీది తొడుగు కోయకండి. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న పవర్ మీటర్లు దొరుకుతాయి, ఇంట్లో వాళ్లకు అవే నయం. 6.4 ఆంపియర్లు వచ్చిందనుకోండి.

3. నిరోధం, అంటే కరెంటును రాడ్ ఎంత అడ్డుకుంటోందో కావాలంటే వోల్టులను ఆంపియర్లతో భాగించండి. 225 ÷ 6.4 = సుమారు 35.2 ఓమ్‌లు. జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇదే.

4. పవర్ కావాలంటే ఆ రెండు అంకెలనే గుణించండి. 225 × 6.4 = 1440 వాట్లు. అరగంట వాడితే 0.72 యూనిట్ కాలుతుంది. 6 ఆంపియర్లు దాటింది కాబట్టి ఈ రాడ్‌ను చిన్న సాకెట్‌లో పెట్టకూడదు, 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. లో వోల్టేజి వచ్చి 180కి పడిపోతే ఏమవుతుంది? రాడ్ నిరోధం పెద్దగా మారదు. ఆంపియర్లంటే వోల్టులను ఓమ్‌లతో భాగించినవే కాబట్టి, వోల్టులను వోల్టులతోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే పవర్ వచ్చేస్తుంది. 180 × 180 ÷ 35.2 = సుమారు 920 వాట్లు. వోల్టేజి తగ్గింది ఐదో వంతే, పవర్ మాత్రం మూడో వంతుకు పైగా పోయింది. పావుగంటలో కాగే బకెట్టు నీళ్లకు 23 నిమిషాలు పడుతుంది. పాపం, రాడ్ పాడైపోయిందని కొత్తది కొనేస్తుంటారు!

ఇదే లెక్క ఎక్స్‌టెన్షన్ వైరుకూ పనికొస్తుంది. గోడ సాకెట్ దగ్గర 225, వైరు చివర 217 వోల్టులు ఉండి, 6.2 ఆంపియర్లు పారుతున్నాయంటే మధ్యలో 8 వోల్టులు వైరే మింగేసింది. 8 ÷ 6.2 = 1.3 ఓమ్‌లు, 8 × 6.2 = సుమారు 50 వాట్లు. వైరును చుట్టగా వదిలేస్తే ఆ వేడంతా చుట్టలోనే ఉండిపోయి తొడుగు మెత్తబడుతుంది. పూర్తిగా విప్పి పరచండి, లేదా మందమైన వైరు వేయించండి.

ప్లగ్గు తీసేసి, ఓమ్‌ల మీద పెట్టిన మీటర్‌తో రాడ్‌ను కొలిచినా దాదాపు 35 వస్తుంది. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు దగ్గర మాత్రం ఈ పప్పులుడకవు. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 880 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. వేడెక్కేకొద్దీ టంగ్‌స్టన్ తీగ నిరోధం పెరుగుతుంది మరి.

ఇక ఫ్యాన్లు, నీళ్ల మోటార్లకు వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే అసలు వాట్ల కంటే ఎక్కువ వస్తుంది. ఆ అంకెను పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో అసలు వాట్లు ఎంత భాగమో చెప్పే, ఒకటి కంటే తక్కువ ఉండే అంకె) కూడా గుణించాలి. 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగే మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే, దాని పవర్ 1150 కాదు, 920 వాట్లు.