తల్లిదండ్రులు వదిలేసిన బిడ్డను వేరే దేశం నుంచి దత్తత తీసుకోవడం: దరఖాస్తు విధానం

ముందు బిడ్డను చూసుకుందాం, కాగితాల సంగతి తర్వాత అనుకునేవాళ్లు ఎక్కువ. ఈ దత్తతలో ఆ వరుస కుదరదు. దేశాల మధ్య జరిగే దత్తతలకు నియమాలు పెట్టిన 1993 నాటి హేగ్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య, ప్రధాన షరతులు తీరేదాకా దత్తత కోరేవాళ్లు బిడ్డను చూసుకుంటున్నవాళ్లతో సొంతంగా సంప్రదింపులు జరపకూడదు. దగ్గరి బంధువుల బిడ్డయితే మినహాయింపు ఉంటుంది.

దరఖాస్తు మీరు స్థిరంగా నివసిస్తున్న దేశంలోని సెంట్రల్ అథారిటీకి (ఈ దత్తతలను చూసేందుకు ప్రతి దేశం నియమించే అధికార సంస్థకు) పెట్టాలి. ఒప్పందం చూసేది నివాసాన్నే, పాస్‌పోర్టును కాదు. తర్వాత హోమ్ స్టడీ, అంటే మీరు బిడ్డను పెంచడానికి తగినవాళ్లేనా అన్న పరిశీలన, జరుగుతుంది. మీ ఆరోగ్యం, కుటుంబ నేపథ్యం, దత్తత ఎందుకు కోరుకుంటున్నారు, ఎలాంటి బిడ్డను పెంచగలరు అన్నవన్నీ ఆ నివేదికలోకి వస్తాయి. ఇల్లు అద్దంలా మెరవాలని టెన్షన్ పడక్కర్లేదు. జబ్బులు, పాత కేసులు లాంటివి దాచడమే అసలు ప్రమాదం.

ఇక బిడ్డ వైపు. వదిలేసిన బిడ్డ తరఫున సమ్మతి సంతకం పెట్టే తల్లిదండ్రులు ఉండరు. అందుకని ఆ బిడ్డను దత్తత ఇవ్వవచ్చని పుట్టిన దేశపు అధికారులే తేల్చాలి. ఫైలు మొత్తానికి ఆధారం ఈ నిర్ణయమే. పద్ధతి ఆయా దేశాల చట్టాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా బిడ్డ ఎక్కడ, ఎలా దొరికిందో చెప్పే రికార్డు, కన్నవాళ్ల కోసం వెతికిన ఆధారాలు, కోర్టు లేదా బాలల సంక్షేమ అధికారుల ఉత్తర్వు ఉంటాయి. అనాథాశ్రమంలో ఉన్న ప్రతి బిడ్డా వదిలేసిన బిడ్డ కాదు. 2010 హైతీ భూకంపం తర్వాత అనాథలంటూ సరిహద్దు దాటించబోయిన 33 మంది పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నట్టు తేలింది. ఉత్తర్వు కాపీ చూపించకుండా తొందరపెట్టే మధ్యవర్తిని నమ్మకండి.

సొంత దేశంలో బిడ్డకు తగిన కుటుంబం దొరికే అవకాశాన్ని కూడా ముందే పరిశీలించాలి. ఊహ తెలిసిన బిడ్డయితే తన ఇష్టం కూడా అడగాలి.

ఇవన్నీ పూర్తయ్యాక బిడ్డ నివేదిక మీ దేశానికి వస్తుంది. దత్తత ముందుకు సాగడానికి రెండు దేశాల సెంట్రల్ అథారిటీలూ ఒప్పుకోవాలి. బిడ్డ మీ దేశంలోకి వచ్చి శాశ్వతంగా ఉండేందుకు అనుమతి కూడా ఖాయం కావాలి. ఖర్చులు, న్యాయమైన ఫీజులు చెల్లించవచ్చు. డొనేషన్ ఇస్తేనే బిడ్డ అంటే అది అక్రమం కిందే లెక్క.

దత్తత పూర్తయ్యాక, అది ఒప్పందం ప్రకారమే జరిగిందని చెప్పే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రెండు దేశాల ఆమోదం ఎప్పుడు, ఎవరు ఇచ్చారో అందులో రాసి ఉండాలి. అది ఉంటే ఒప్పందంలోని మిగతా దేశాలూ దత్తతను గుర్తిస్తాయి. రెండింటిలో ఏ దేశం ఒప్పందంలో లేకపోయినా ఈ సౌకర్యం ఉండదు. రెండు దేశాల చట్టాలనూ విడివిడిగా చూసుకోవాల్సిందే.

పౌరసత్వం మాత్రం వేరే విషయం. కొన్ని దేశాల్లో దత్తతతో దానంతట అదే వస్తుంది, కొన్నిచోట్ల మళ్లీ దరఖాస్తు పెట్టాలి. బిడ్డను తెచ్చుకోకముందే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో దీని గురించి కనుక్కోండి.