లాగిన్ తెర దగ్గర కీబోర్డూ మౌసూ మొరాయిస్తే

మా బావ జెరాక్స్ షాపు డెస్క్‌టాప్‌కి ఉబుంటు 18.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి అప్‌డేట్లు పెట్టాక, లాగిన్ తెర మీద బాణం కదల్లేదు, కీలు పలకలేదు. ఆయన అప్పుడే కొత్త కీబోర్డు కొంటానని బయల్దేరాడు. ఆగు బావా అన్నాను.

ముందు రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో (ఉబుంటు మొదలయ్యే ముందు ఏది బూట్ చేయాలో అడిగే తెర) బాణం కీలు నొక్కి చూడండి. అక్కడ పనిచేస్తుంటే కీబోర్డూ పోర్టూ బాగున్నట్టే, పేచీ లోపల ఉంది. వైర్‌లెస్ డాంగిల్ అయితే మాత్రం ఒకసారి వైరుదానితోనూ చూడండి.

అదే మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) కనిపిస్తే దాంతో బూట్ చేయండి. కుదరకపోతే రికవరీ మోడ్‌లో నెట్‌వర్క్ ఆన్ చేసి, రూట్ షెల్ (పూర్తి అధికారాలతో ఆదేశాలు టైప్ చేసే తెర) తెరవండి. నా మొదటి అనుమానం ఎప్పుడూ ఎక్స్‌ఆర్గ్ (తెర మీది బొమ్మల్నీ, కీబోర్డూ మౌసునీ చూసుకునే ప్రోగ్రామ్) ఇన్‌పుట్ డ్రైవర్ల మీదే. ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి, ఎక్స్‌సర్వర్-ఎక్స్‌ఆర్గ్-ఇన్‌పుట్-ఆల్ ప్యాకేజీ పెట్టండి. 18.04లో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కొత్త కెర్నల్) ఉంటే ఆ పేరు చివర హెచ్‌డబ్ల్యూఈ-18.04 కూడా ఉండాలి. తర్వాత రీబూట్.