వానాకాలంలో పట్టేసే తలుపు: చిత్రిక పట్టే ముందు చూడవలసినవి

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసినంత కాలం, నన్ను పిలిచేవారిలో ఎక్కువ మంది చెప్పే మాట ఒకటే: తలుపు పట్టేస్తోంది, వచ్చి కాస్త చిత్రిక పట్టండి. జబ్బుతో పాటు మందు కూడా వారే నిర్ణయించేసి ఉంటారు. కొన్ని ఇళ్లలోనైతే నేను వెళ్లేసరికే ఎవరో ఒకరు అంచు చెక్కేసి ఉంటారు. అలా తీసేసిన చెక్క మళ్లీ రాదు కనుక, చిత్రిక చేతిలోకి తీసుకునే ముందు రెండే రెండు పరీక్షలు చేయమని ప్రతి ఇంట్లోనూ చెబుతూ వస్తున్నాను. రెండింటికీ కలిపి పది నిమిషాలు చాలు. అయినా అవి చేసి ఉన్న ఇల్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తుంది.

ముందుగా తలుపు ఎక్కడ రాసుకుంటోందో తెలియాలి. ఇంట్లో పాత శుభలేఖ ఒకటి ఉంటే, తలుపు మూసి, ఆ అట్టను తలుపుకూ ద్వారబంధానికీ మధ్య దూర్చి పైనుంచి కిందికి జరపండి. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. తాళం వైపు పైమూలలో ఆగితే ఒక కారణం, తాళం వైపు కింది సగంలో ఆగితే మరొక కారణం.

పైమూలలో రాసుకుంటుంటే

ఇది తలుపు ఉబ్బడం కాదు, వాలడం. పై మడతబందు స్క్రూలు వదులైతే తలుపు బరువంతా తాళం వైపుకు ఒరిగి, పైమూల ద్వారబంధాన్ని తాకుతుంది, అదే వైపు కిందిమూల నేలను గీస్తుంది. తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తి చూడండి. పై మడతబందు దగ్గర రేకు చెక్కలో కదులుతున్నట్టు కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. స్క్రూలు బిగించండి. బిగియకుండా రంధ్రంలో ఊరికే తిరుగుతుంటే, వాటిని తీసి, అగరుబత్తి కాలిన తరువాత మిగిలే వెదురు పుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండా గట్టిగా దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, మరునాడు సన్నని రంధ్రం వేసి అవే స్క్రూలు బిగించవచ్చు. అగ్గిపుల్లలు మెత్తని చెక్క కనుక ఎక్కువ కాలం పట్టి ఉండవు. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి సముద్రం దగ్గరి ఇళ్లలో ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి చెక్కను కూడా తినేస్తాయి కాబట్టి, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

తాళం వైపు కింది సగంలో రాసుకుంటుంటే

నేను దెబ్బ తిన్నది ఇక్కడే, అందుకే దీని గురించి వివరంగా చెప్పాలి.

పెరంబూరులో ఒక తెలుగువారి ఇంటి వీధి తలుపు అది. పాత టేకు, నాలుగు పలకల తలుపు. నవంబరులో పిలిచారు. మడతబందులు గట్టిగానే ఉన్నాయి, అట్ట మాత్రం తాళం వైపు నడుము కిందనుంచి దిగలేదు. ఆ ఇంటి పెద్దావిడ, "నాయనా, వాన వెలిస్తే అదే సర్దుకుంటుందేమో, కాస్త ఆగరాదూ" అన్నారు. నేను ఆగలేదు. తాళం వైపు అంచు పొడవునా ఒక నూలు, అంటే ఇంచుమించు 3 మిల్లీమీటర్లు, చిత్రిక పట్టాను. తలుపు వెన్నలా మూసుకుంది. మే నెలలో మళ్లీ పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే ఆ వైపు సందులోంచి వీధి వెలుతురు నిలువు గీతలా లోపలికి పడుతోంది, తాళం నాలుక గూటిలో అంచుకు మాత్రమే అందుతోంది. సన్నని టేకు పట్టీ అతికించి, పాలిష్ చేసి వచ్చాను. మరుసటి నవంబరులో తలుపు మళ్లీ అదే చోట పట్టేసింది, ఈసారి నేను అతికించిన పట్టీతో సహా.

అప్పుడు గాని తలుపును బందులనుంచి దించి రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టలేదు. ముందు, వెనుక, పక్క అంచులు అన్నీ పొరల మీద పొరలుగా వార్నిష్‌తో మెరుస్తున్నాయి. అడుగు అంచు మీద మాత్రం తలుపు చేసిన నాటినుంచి ఒక్కసారి కూడా కుంచె పడలేదు. రంపపు గీతలు అలాగే ఉన్నాయి. రెండు పక్కల నిలువు చెక్కల కొసలు రెండు వేళ్ల ఎత్తు వరకు నల్లబడి ఉన్నాయి, బొటనవేలి గోటితో నొక్కితే గుంట పడింది.

చెక్కలో నీరు నడిచే నాళాలన్నీ నిలువునా ఉంటాయి. పలక ముఖం మీద పడిన నీరు లోపలికి దిగడానికి చాలా సేపు పడుతుంది. కోసిన కొసకు తగిలిన నీరు మాత్రం దీపపు వత్తి నూనె పీల్చినట్టు పైకి పాకుతుంది. తేమ ఎక్కిన చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఒక్కొక్క నిలువు చెక్క నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉందనుకుంటే రెండూ కలిపి 9 అంగుళాలు. ఉబ్బడం తక్కువని పేరున్న టేకు కూడా, తేమ 5 శాతం పెరిగితే ఆ వెడల్పు మీద దాదాపు 2 మిల్లీమీటర్లు పెరగగలదు. తలుపుకు మనం వదిలే సందు 3 మిల్లీమీటర్లే. ఏటేటా పడిన రంగు పొరలు అందులో ఇంకొంత తినేసి ఉంటాయి కాబట్టి తలుపు పట్టేయడంలో వింత లేదు.

వానతోనే ఈ కథ ముగియదు. మన ఇళ్లలో తెల్లవారగానే వాకిలి కడిగి ముగ్గు వేస్తాం. గడప మీద చల్లిన నీళ్లు తలుపు అడుగున నిలుస్తాయి. వానలు తగ్గే వేళకు ఇక్కడివారు మార్గళి అనే ధనుర్మాసం వస్తుంది కనుక, ఆ నెలంతా గడప తడి ఆరదు. ముగ్గు మానమని నేను ఎవరికీ చెప్పను. తలుపు అడుగుకు రంగు వేయించమని మాత్రమే చెబుతాను.

పలకలు లేకుండా రెండు వైపులా నున్నటి ప్లైవుడ్‌తో చేసే కొత్త ఫ్లష్ తలుపులకు ఈ బెడద లేదని నమ్మేవారు చాలా మంది ఉన్నారు. నిజానికి వాటికే ఎక్కువ. టైల్స్ పరిచాక నేల ఎత్తు పెరుగుతుంది, తలుపు బిగించేవారు అక్కడికక్కడే అడుగున అరంగుళం కోసి అలాగే తగిలించి వెళ్లిపోతారు. ప్లైవుడ్ మీద ఉండే ఐఎస్ 710 గుర్తు (నీటికి తట్టుకునే మెరైన్ రకమని చెప్పేది) చూసి నీళ్లు ఏమీ చేయవని అనుకోకూడదు. అందులో నీటికి తట్టుకునేలా చేసినది పొరలను కలిపే జిగురు, చెక్క మాత్రం తేమ పీల్చి ఉబ్బుతూనే ఉంటుంది. స్నానాలగది తలుపుకు అడుగున రేకు కొట్టించడం కూడా చాలా చోట్ల చూస్తున్నాను. రంగు వేయని చెక్క మీద రేకు కొడితే, లోపలికి పోయిన నీరు బయటికి రాలేక చెక్క మరింత త్వరగా కుళ్లుతుంది.

అందరూ వదిలేసే పరీక్ష ఇదే: ముఖం చూసుకునే చిన్న అద్దాన్ని తలుపు కింద నేల మీద పెట్టి, ఫోను టార్చి వేసి అడుగు అంచును చూడండి. అద్దం పట్టకపోతే వేలు దూర్చి తడమండి. నున్నగా తగిలితే రంగు ఉన్నట్టు, గరుకుగా నార తగిలితే లేనట్టు.

మరమ్మతు వానల్లో చేయకూడదు. తడి చెక్క మీద రంగు వేస్తే లోపలి తేమ దాన్ని పొక్కులుగా లేపేస్తుంది. అప్పటివరకు రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దితే నెల రోజులు గడుస్తాయి. తలుపు అసలు మూసుకోక ఇంటికి భద్రత లేని పరిస్థితి అయితే, అర నూలుకు మించకుండా చిత్రిక పట్టి, ఆ అంచుకు అదే రోజు ప్రైమర్ వేయాలి.

సంక్రాంతి దాటి, ఫిబ్రవరిలో చెక్క ఆరాక తలుపు దించండి. సాయానికి ఒకరిని పెట్టుకుని, తలుపు కింద చెక్కముక్కలు దూర్చి బరువు వాటి మీద ఆనించి, ముందు కింది మడతబందు స్క్రూలు, ఆ తరువాత నడిమివి, చివర పైవి విప్పాలి. పైవి ముందు విప్పితే తలుపు మీదికి ఒరుగుతుంది. నల్లబడిన చోట మెత్తనిదంతా ఉలితో గీరేసి, 80 నంబరు ఉప్పు కాగితంతోనూ, పిదప 120తోనూ రుద్దండి. కొసలు మొదటి పూతను అమాంతం తాగేస్తాయి కనుక, ఆయిల్ ప్రైమర్‌లో కాస్త టర్పెంటైన్ కలిపి పల్చగా వేసి, ఆరాక చిక్కని ప్రైమర్ ఒకసారి, దాని మీద ఎనామిల్ రెండుసార్లు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక పగలూ రాత్రీ విడవాలి. తలుపు దించే ఉంది కాబట్టి పై అంచుకూ, మడతబందులు కూర్చునే గాళ్లకూ, తాళం కోసం తొలిచిన గూటికీ కూడా ఇదే పని చేయండి. ఫ్లష్ తలుపు అడుగున పొరలు విడిపోయి ఉబ్బి ఉంటే పూతతో లాభం లేదు, ఆ అంగుళం మేర కోసేసి గట్టి చెక్క పట్టీ అతికించి, ఆ తరువాతే రంగు వేయాలి.

మిగిలిన కారణాలు

మూసిన తలుపు స్ప్రింగులా వెనక్కి తెరుచుకుంటే, మడతబందు గాడిలో రంగు పేరుకుపోయి ఉంటుంది లేదా ఒక స్క్రూ తల పైకి లేచి ఉంటుంది. గీరి, బిగిస్తే పోతుంది. ద్వారబంధాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు డొల్లగా మోగితే చెదలు పట్టినట్టు. దానికి మందు కొట్టేవారిని పిలవాలి, వడ్రంగిని కాదు. గోడ కుంగి ద్వారబంధం ఒరగడం నేను బహు తక్కువగా చూశాను. దాని జాడ తలుపు పైన గోడలో వాలుగా పడిన పగులులో కనిపిస్తుంది.

పెరంబూరు తలుపుకు ఆ వానలు వెలిశాక ఫిబ్రవరిలో అడుగున నాలుగు పూతలు వేసి, నేను అతికించిన పట్టీని పీకకుండా అలాగే ఉంచి తిరిగి తగిలించాను. తరువాతి నవంబరులో పెద్దావిడ ఎదురుగా తాళం వైపు పైనుంచి కింది దాకా శుభలేఖ దించి చూశాను. ఎక్కడా ఆగలేదు.