కాన్పుకు ముందే: పసిబిడ్డకు హెపటైటిస్ బి సోకకుండా జాగ్రత్తలు

హెపటైటిస్ బి కాలేయానికి సోకే వైరస్ జబ్బు. పసిపిల్లలకు ఇది ఎక్కువగా సోకేది కాన్పు వేళలోనే. తల్లి రక్తం, స్రావాలు తగిలి వైరస్ బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందిలో దానంతటదే పోతుంది. పుట్టుకలో సోకిందా, దాదాపు 90 మందిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. జ్వరం రాదు, కామెర్లు కనిపించవు, బిడ్డ చక్కగా పాలు తాగుతూనే ఉంటుంది. కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో పెద్దయ్యాక బయటపడుతుంది.

నెల తప్పగానే, తొలి మూడు నెలల్లోనే, తల్లికి ఈ వైరస్ ఉందో లేదో తెలిపే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించండి. పాజిటివ్ వస్తే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) కూడా చూడాలి. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు, ఆపైన ఉంటే బిడ్డకు వేసే టీకా ఒక్కటే సరిపోకపోవచ్చు. అందుకే 28వ వారం నుంచి డాక్టర్లు తల్లికి వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. సిజేరియన్ చేస్తే సోకదన్న ధీమా వద్దు.

ఏ బిడ్డకైనా తొలి టీకా 24 గంటల్లోపు పడాలి. తల్లి పాజిటివ్ అయితే 12 గంటల్లోపే టీకా ఒక తొడకు, 0.5 మి.లీ. హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలను నేరుగా అందించే ఇంజెక్షన్) రెండో తొడకు వేయాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అర్ధరాత్రి కాన్పు అవుతుంది, ఆ ఇంజెక్షన్ ఆస్పత్రిలో ఉండదు, తెల్లారాక చూద్దామంటారు. నెల ముందే అడిగి తెప్పించి పెట్టించండి. పాజిటివ్ రిపోర్టును కేసు షీటులో అన్నిటికన్నా పైన ఉంచండి. ఈ తల్లుల బిడ్డ 2 కిలోల లోపు బరువున్నా టీకా ఆపకూడదు. కాకపోతే ఆ డోసు లెక్కలోకి రాదు, తర్వాత మరో మూడు వేయించాలి.

తల్లిపాలు మానొద్దు, టీకా పడేదాకా ఆగనక్కర్లేదు కూడా. చనుమొనలు పగిలి రక్తం రాకుండా మాత్రం చూసుకోండి.

ఇంట్లో భయపడాల్సింది రక్తానికే. ముద్దు, కౌగిలింత, ఒకే పళ్లెంలో తిండి వల్ల ఇది అంటదు. టూత్‌బ్రష్ కుచ్చులో చిక్కిన చిగుళ్ల నెత్తురు, గోరు కత్తిరించేటప్పుడు చర్మం తెగి నెయిల్‌కట్టర్ అంచుకు అంటిన చిన్న మరక, ఇవీ ప్రమాదం. ఎండిన నెత్తుటిలో కూడా వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. బ్రష్, బ్లేడు, నెయిల్‌కట్టర్ ఎవరివి వాళ్లకే ఉండాలి. పిల్లల పుండ్లకు కట్టు కట్టండి. నేలమీద రక్తం పడితే గ్లవ్స్ వేసుకుని తుడిచి, 9 వంతుల నీళ్లలో 1 వంతు బ్లీచ్ ద్రావణం కలిపి ఆ చోట పోసి 10 నిమిషాలు ఉంచండి.

పాజిటివ్ తల్లుల బిడ్డకు డోసులన్నీ పూర్తయ్యాక, 9 నుంచి 12 నెలల మధ్య రక్తపరీక్ష తప్పదు. అంతకన్నా ముందు చేస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో వచ్చిన యాంటీబాడీలే కనిపించి, టీకా పనిచేసిందని పొరబడతాం. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్‌గా, యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే బిడ్డకు రక్షణ ఉన్నట్టే. నెగటివే అయినా 10 లోపుంటే మళ్లీ టీకా వేయించాలి.